నేను మౌనంగా ఉన్న పూట నీళ్ళొచ్చాయి

ఈ మధ్య మా లైనులో నన్ను అందరూ ‘మౌనసామి’ అంటున్నారు. పాలు పోసే ఆయన కూడా. ఎందుకో మీకు ఎవరో ఒకరు చెప్పేస్తారు, అంతకన్నా ముందు నేనే చెప్పేస్తాను. వాళ్ళు చెప్తే నేను మరీ అన్యాయంగా కనిపిస్తాను. అట్లాగని వాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధం ఏమీ లేదు, అదే నా బాధ.

మాది కె.జి.ఎఫ్.లో పాత మైనింగ్ లైను. ఒకే పొడుగాటి కప్పు కింద వరసగా ఇళ్ళు, గోడకు గోడ. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గనిలో పనికని వచ్చాడు. గని మూతబడింది, మేము మిగిలాం. నేను కోలారు దగ్గరి నరసాపురంలో ఒక ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వస్తుంటాను.

మా లైనుకు కుళాయి నీళ్ళు వారానికొకసారి వస్తే గొప్ప. ఏ రోజు, ఏ పూట అనేది వాల్వు తిప్పే ఆయనకే తెలియాలి. పైపు మా ఇంటి వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి మొదట మా కుళాయికే వస్తాయి. కుళాయిలేమో ఇంటి ముందర గుంటల్లో ఉంటాయి, పైన రేకు మూత. తెరిచి పెడితే నీళ్ళు వీధిపాలవుతాయని అందరూ కట్టేసే పెడతారు. మరి వచ్చినట్టు తెలిసేది ఎట్లా? మా ఇంటి కేకతో. మా కుళాయి ఒక్కటి కొంచెం వదులుగా పెట్టుకుంటాం. అది బుస్సుమనగానే మా ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు వీధిలో నిలబడి “నీళ్ళో...” అని చివరి ఇంటిదాకా వినపడేట్టు కేకెయ్యాలి. మా నాన్న కాలం నుంచీ ఇదే పద్ధతి. గని సైరన్ ఆగిపోయాక మా లైనుకు మిగిలిన సైరన్ మా ఇంటి గొంతే. అందులో నాది నాన్న కన్నా పెద్ద గొంతు.

ఆ గొంతుతోనే వచ్చింది తంటా. టీవీ రిమోట్ కనిపించకపోయినా అరుస్తాను, కనిపించినా ఎవరు దాచారని అరుస్తాను. ఫ్యాక్టరీలో మా లైన్ లీడర్‌తో రెండుసార్లు పెద్ద గొడవే అయింది. అప్పుడొకసారి మా అందరికీ స్ట్రెస్ మీద క్లాసు పెట్టారు. ఒక మేడం వచ్చి మైండ్‌ఫుల్‌నెస్ అని, చేసే ప్రతి పనీ ఎరుకతో చెయ్యడం అని చాలా నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మది నాకు నచ్చింది. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను.

నిజం చెప్పాలంటే మేలే జరిగింది. కోపం తగ్గింది. కానీ తగ్గిన కోపం గురించి అందరికీ చెప్పుకోవడం పెరిగింది. బస్సులో పక్క సీటాయనకు శ్వాస ఎట్లా పీల్చాలో నేర్పబోతే, ఆయన మరుసటి రోజు వెనక సీటుకు మారిపోయాడు. పాపం, ఇంకా ఎరుక రాలేదు అనుకున్నాను.

అట్లాంటి దశలో యాప్‌లో ‘ఒక రోజు మౌనం’ అని వచ్చింది. ఆదివారం పొద్దున లేచిన దగ్గర నుంచి సాయంత్రం దీపం పెట్టేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. ఆ రోజే మా ఆవిడ లలిత నంగలిలో వాళ్ళ అన్న ఇంటికి పోతోంది. సంగతి చెబితే సంతోషపడింది.

“మీరు ఒక దినం మాట్లాడకపోతే అది మాకూ ధ్యానమే. నీళ్ళొస్తే మాత్రం డ్రమ్ములు నింపండి, మర్చిపోవద్దు,” అని చెప్పి ఆటో ఎక్కింది.

ఇంకొక సంగతి కూడా మీకు ఇప్పుడే చెప్పాలి. పక్కింటి సెల్వియక్క, వాళ్ళాయన మా నాన్నతో కలిసి గనిలో దిగినవాడు, ఇప్పుడు లేడు. ఆవిడ కూతురు కోకిలకు మర్నాడే సీమంతం. ఇంటి ముందర షామియానా వేసేశారు. వంట ఇంటి దగ్గరే. వచ్చే నీళ్ళ మీదే ఆవిడ ఆశంతా పెట్టుకుని, ఉన్న బిందెలన్నీ తోమి గుమ్మం పక్కన బోర్లించి పెట్టింది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నం అన్నం తిని గుమ్మంలో చాప వేసుకుని కూర్చున్నాను. చెవుల్లో యాప్ గొంతు. “శబ్దం వస్తే వినండి. దానికి పేరు పెట్టకండి. స్పందించకండి.” సరిగ్గా అప్పుడే కుళాయి బుస్సుమంది. నేను విన్నాను. పేరు పెట్టలేదు.

కాసేపటికి నీళ్ళు గుంటలో పడుతున్న చప్పుడు. అప్పుడు లలిత మాట గుర్తొచ్చి లేచి పైపు తగిలించాను. కేక గొంతు దాకా వచ్చిన మాట నిజం. నాలుక కదిలింది కూడా. కానీ పొద్దున్నుంచీ ఇంత కష్టపడి ఆపుకున్న నోరు, ఒక్క కేకతో పాడు చేసుకోవడమా అనిపించింది. నన్ను నేను గమనించుకున్నాను. కేక వెయ్యాలన్న కోరిక వచ్చింది, పోయింది. భలే, ఎంత ఎదిగిపోయానో అనుకున్నాను. మా ఇంట్లో రెండు డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, ఆఖరికి పప్పు చేసే కుక్కర్ కూడా నింపాను. నీళ్ళ చల్లదనాన్ని వేళ్ళతో అనుభవించాను. అన్నీ నిండాక, ఒక్క చుక్క వృథా కాకూడదని కుళాయి గట్టిగా కట్టేశాను కూడా. వీధిలో అందరూ కునుకు మీద ఉన్నారు, లేకపోతే టీవీ ముందర ఉన్నారు. మా కేక వస్తుందని నిశ్చింతగా.

నీళ్ళు ఆగిపోయిన చాలాసేపటికి సెల్వియక్క బయటికి వచ్చి, తన అరవం కలిపిన తెలుగులో నీళ్ళ సంగతి అడిగింది.

“తమ్ముడూ, తణ్ణి ఇంగా రాలేదాప్పా?”

అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ జోడించి చిన్నగా నవ్వాను. ఆవిడ నీళ్ళు రాలేదనే అనుకుంది.

“పూజలో ఉండావా? సరే సరే. మా కోకిల కోసమూ ఒక నమస్కారం పెట్టుకోప్పా,” అని వాళ్ళింటి మెట్టు మీద కూర్చుంది. బిందెలు పక్కనే పెట్టుకుంది. అప్పుడప్పుడూ లేచి గుంట మూత తీసి చూసి మళ్ళీ కూర్చునేది.

చెప్పేయాల్సింది. చెప్పలేదు. దీపం పెట్టగానే మౌనం విడిచి అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. అది మౌనం కాదు, భయం. ఆవిడ ఎదురుచూస్తూ ఉంటే నేను కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్నట్టు కూర్చున్నాను. ఒక కన్ను సగం తెరిచి చూస్తే ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఇది రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

సాయంత్రం ఆటో ఆగింది. లలిత దిగి లోపలికి పోయి డ్రమ్ము మూత తీసింది. నా గొంతు పెద్దదని చెప్పాను కదా, మా ఆవిడదీ తక్కువేమీ కాదు.

“అబ్బ, నీళ్ళొచ్చినాయే! అంచుల దాకా నింపినారే!”

లైను మొత్తం వినింది. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. ఎప్పుడొచ్చినాయి, ఎవరు పట్టుకున్నారు, కేక వినపడలేదే అని అందరూ మా గుమ్మం ముందుకు వచ్చారు. సెల్వియక్క మాత్రం మెట్టు మీద కూర్చునే, ఖాళీ బిందెల వైపు చూసింది, నా వైపు చూసింది. అరిచినా బాగుండేది.

దీపం ఇంకా పెట్టలేదు, అయినా నోరు తెరిచాను. పొద్దున్నుంచీ దాచుకున్న మొదటి మాట: “సారీ అక్కా.” తర్వాత మౌనం సంగతంతా చెప్పాను. చెబుతుంటే నాకే అది ఎంత అసహ్యంగా ఉందో వినపడింది.

లలిత అంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకే మాట అడిగింది.

“నోరు మూసుకుంటిరి సరే. చేతులేమయినాయి? పోయి అక్క తలుపు కొట్టేదానికి నోరు కావాల్నా?”

మీరు నమ్మరు, ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పూర్తి ఎరుకతో గడిపిన రోజు అది.

ఇంగ చెప్పేదేముంది. మా డ్రమ్ములు రెండూ సెల్వియక్క ఇంట్లోకి ఖాళీ చేశాం. బిందెలు, బకెట్లు, కుక్కర్‌తో సహా. అదీ చాలకపోతే టీవీఎస్ మీద క్యాన్లు కట్టుకుని వెనక లైనులోని బోరు దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను. మర్నాడు సీమంతం బాగానే జరిగింది. వంటకు లోటు రాలేదు. కోకిల రెండు చేతులకూ గాజులు నిండాయి. నేను మూల చూసుకుని కూర్చుని తల వంచుకుని తింటుంటే సెల్వియక్క వడ్డించేవాళ్ళతో అంది: “ఆ మౌనసామికి ఇంగొక వడ వెయ్యండి. అడగడు పాపం.” పంక్తి అంతా నవ్వారు. ఆవిడ నవ్విందని నాకు సగం బరువు దిగింది. పేరు మాత్రం అతుక్కుంది.

పోయిన పరువు ఎట్లాగైనా తెచ్చుకోవాలని, ఆ తర్వాత వారమంతా చెవులు కుళాయి మీదే పెట్టుకున్నాను. ఒక పొద్దున అది బుస్సుమంది. వీధిలోకి దూకి, మా నాన్న కూడా ఎప్పుడూ వెయ్యనంత పెద్ద కేక వేశాను. లైను మొత్తం బిందెలతో పరుగెత్తుకొచ్చింది. మొహాన సబ్బుతో ఒకాయన, చేతినిండా దోసెపిండితో ఒకావిడ. అందరూ కుళాయిలు తిప్పారు. కుళాయిలు దగ్గాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎంతసేపు నిలబడినా గాలే.

సెల్వియక్క ఖాళీ బిందె చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“కోపం చేసుకోవద్దు తమ్ముడూ. నీకు ఆ మౌనమే బాగుండాది. ఇంగ మీద లలిత కేకేస్తాది.”

అందరూ తలూపారు. తల ఊపినవాళ్ళలో లలిత మొదటిది. మా నాన్న ఇచ్చిపోయిన ఉద్యోగం అట్లా పోయింది. ఇప్పుడు నీళ్ళొస్తే కేక లలితది, సెల్వియక్క ఇంటికి బిందెలు మోసే పని నాది. అక్క తన గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది, ఒక్క చుక్క ఒలికినా ఊరుకోదు. చేసే ప్రతి పనీ ఎరుకతో చెయ్యడమంటే ఏమిటో, యాప్ పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చున్నా పట్టుబడలేదు కానీ, ఆ గుమ్మం ముందర మాత్రం బాగా పట్టుబడుతోంది.