కోళ్లదొంగకు ముద్దుపేరు

బరంపురం స్టేషన్ వెయిటింగ్ రూములో నా ఫోను మోగింది. "బంగారం, బండొచ్చిందేటి?" అంది మా పెద్ద తోటికోడలు. నేను కాపురానికొచ్చి ముప్ఫై ఆరేళ్లయినా ఆమె నన్ను పేరుతో పిలవలేదు. ఆ పిలుపుకి నేను మురవని రోజూ లేదు.

పక్కనున్న అమ్మాయి విని నవ్వింది. భాషలు చదువుతోందట. ముంగిసలాంటి చిన్న జంతువొకటుందనీ, దాన్ని ఫ్రాన్సులో 'చిన్నారి అందగత్తె', ఇటలీలో 'చిన్న దొరసాని', స్పెయిన్‌లో 'అమ్మలక్క', బాస్కు భాషలో 'అందాల దొరసాని' అంటారనీ చెప్పింది.

"దాని మీద అంత ముద్దేటమ్మా?"

"ముద్దు కాదు అమ్మమ్మా, భయం. కోళ్లగూట్లో దూరి పీకలు కొరికేస్తాది. మంచిపేరెట్టి పిలిస్తే మన జోలికి రాదని ఆశ."

రాత్రిపూట మేం పాముని పురుగన్నట్టే. నవ్వబోయి ఆగిపోయాను. మా ఇంట్లో ఎవరెప్పుడు ఏ మాట జారారో తేదీతో సహా అప్పజెప్పేది నేనే.

ఆ అమ్మాయి తన బండెక్కి వెళ్లిపోయాక మళ్లీ ఫోను.

"ఏటైనా తిన్నావా, బంగారం?"

"అక్కా, ఒక్కసారి నన్ను పేరెట్టి పిలు."

ఆమె సన్నటి గొంతుతో అడిగింది.

"నానేటి తప్పు సేసినాను, బంగారం?"