మైనం పూసిన దోసకాయ

మార్లిస్ ట్వైట్ ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. అయోవాలోని మా యూనివర్సిటీ లైబ్రరీలో ఇద్దరం ఒకే కౌంటరులో పనిచేశాం. పుస్తకం తిరిగి ఇచ్చినవాళ్లను ఎదుట నిలబెట్టి మరీ పేజీలు తిప్పి చూసేది. అలాంటి మనిషి ఆ వేసవి పొలం వాటాకు చందా కట్టిందంటే ముక్కున వేలేసుకున్నాం. సీజను మొదట్లోనే రైతుకు డబ్బు కట్టేస్తే, పండినదాంట్లో మన వాటా గురువారం గురువారం క్యాంపస్‌కే వస్తుంది. పండితే పంచుకోవాలి, పోతే ఓర్చుకోవాలి. అదీ ఒప్పందం.

ఎల్డన్ వెటర్ అనే కుర్రరైతు క్యాంపస్ జిమ్ వెనక వ్యాను ఆపి పెట్టెలు దించేవాడు. జూన్ అంతా మట్టి అంటిన ముల్లంగి, పురుగు కొరికిన ఆకుకూరలు వచ్చాయి. మార్లిస్ సంతోషంగానే తీసుకుంది. జూలైలో కూరగాయలకు ఉన్నట్టుండి నిగనిగలు వచ్చాయి. ఆమెకు అనుమానం పుట్టింది అప్పుడే.

ఓ గురువారం దోసకాయను గోటితో గీకి నా ముక్కు కిందకు తెచ్చింది.

“చూడు, మైనం! బజారు సరుక్కి మెరుపు కోసం పూసేది. తీగ మీంచి కోసిన కాయకి మైనం ఎక్కణ్ణించి వస్తుంది?”

“కాయ బానే ఉందిగా. పాలు తెల్లగా ఉన్నా నీకు అనుమానమే.”

“నవ్వు, నవ్వు. మా నాన్న రోడ్డు పక్కన మొక్కజొన్న అమ్మేవాడు. మా చేను ఎండిన ఏడు బజార్లో కొనుక్కొచ్చి మాదేనని అమ్మాడు. ఈ వేషాలు నాకు తెలీవా?”

సరాసరి వెళ్లి ఎల్డన్‌ని అడిగింది. అతను తల పక్కకి తిప్పుకుని, “కడిగి తెస్తున్నాం మేడం” అన్నాడు.

“కడిగితే మైనం పోవాలి గానీ రాదు, నాయనా!”

మరుసటి బుధవారం పని దిగగానే నన్ను కారెక్కించుకుని పొలానికి బయల్దేరింది. “పొలమే ఉండదు, చూస్తుండు” అని దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

పొలం ఉంది. పంటే లేదు. జూన్ చివర్లో మా ఊళ్లో వానగా కురిసింది అక్కడ వడగళ్లై పడింది. టమాటా మొక్కలు మోళ్లయ్యాయి. పాకలో ఎల్డన్ బజారు అట్టపెట్టెల్లోంచి మా చెక్కపెట్టెల్లోకి కూరలు సర్దుతున్నాడు.

“దొరికావా!” అంది మార్లిస్.

అతను చేతిలోని మిరపకాయలు వదిలేసి కూలబడ్డాడు. “నా సొంత డబ్బుతోనే కొంటున్నా మేడం.”

“ఎందుకు చెప్పలేదు? పోతే ఓర్చుకుంటామని ఒప్పుకున్నాంగా?”

“ఒప్పుకోడానికేం, అందరూ ఒప్పుకుంటారు. పెట్టె సగం ఖాళీగా కనబడితే ఎవరుంటారు? ముందు వెళ్లిపోయేది మీరే అనుకున్నా.”

తననీ ఒకరు అనుమానిస్తారని మార్లిస్‌కు ఎన్నడూ తోచి ఉండదు. కిందపడ్డ మిరపకాయలు ఏరి పెట్టెలో వేస్తూ, “రేపు నీ నేలలో ఏది బతికితే అదే తీసుకురా. నీ నోటితోనే చెప్పు. పక్కన నేనుంటా” అంది.

మర్నాడు పెట్టెల్లో బీటుదుంపలు, ఉల్లికాడలు, అంతే. ఎల్డన్ తడబడుతూ జరిగింది చెప్పాడు. ఒక ప్రొఫెసరు “మోసం” అని అరిచి వెళ్లిపోయాడు. ఆయన వెనకే మరికొందరు కదిలారు. మిగిలినవాళ్లు గొణుక్కుంటూనే పెట్టెలు తీసుకున్నారు.

మరుసటి ఏడు కూడా మార్లిస్ చందా కట్టింది.

“నమ్మకం కుదిరిందా?” అని అడిగాను.

“నమ్మడమా? వారం వారం వెళ్లి చూసొస్తున్నా.”

వెళ్లినప్పుడల్లా టమాటా మొక్కలకు ఊతకర్రలు కట్టి వచ్చేది. ఆమె కారు మలుపు తిరగ్గానే ఎల్డన్ ఒక్కో ముడినీ లాగి చూసుకునేవాడట.