గడుల పలక మాష్టారు

ఆనంద్ బాబు మాష్టారు గొంతు పెంచి మాట్లాడగా మా హైస్కూల్లో ఎవరూ వినలేదు. అలాంటి మనిషి తోట కామందు రామచంద్రరావు గారితో తగవు పడి గెలిచాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండేది నేనే కాబట్టి, గరిట చేత్తో పట్టుకునే వరండాలో నిలబడి అంతా చూశాను.

బడి ప్రహరీకి అవతలంతా రామచంద్రరావు గారి మామిడి తోట. ఏప్రిల్లో బంగినపల్లి కోత. తెల్లారకముందే కూలీలు చెట్లెక్కుతారు. పది గంటలకు మేస్త్రీ గంగరాజు "దిగండోయ్, చద్దికి దిగండోయ్" అని తోటంతా వినపడేలా కేకేస్తాడు. ఆ కేక పడ్డాకే చెట్టు మీదవాడు కాయలు కోసే చిక్కాన్ని కొమ్మకు తగిలించి దిగాలి. ముందే దిగాడా, గంగరాజు నోటికి బలైపోతాడు.

ఆ శనివారం ఎనిమిదిన్నరకే కేక వినపడింది. అందరూ దిగి గిన్నెలు విప్పుకున్నారు. గంగరాజేమో అప్పటికి రోడ్డు మీద లారీకి ట్రేలు ఎక్కిస్తున్నాడు. కేక వేసింది అతను కాదు, మా బడి స్పీకరు. ఎనిమిదో తరగతి చదివే అతని కూతురు స్వాతి తండ్రి కేకను ఫోనులో పట్టి తెస్తే, మాష్టారు దాన్ని నొక్కితే మోగే తన గడుల పలకలో పెట్టాడు.

రామచంద్రరావు గారు గంగరాజును వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమయ్యా మాష్టారూ, పాఠం చెప్తున్నావా, నా పని ఆపిస్తున్నావా? ఎండెక్కితే కాయ ఏమవుద్దో తెలుసా నీకు? ఆ పెట్టె తీసి అవతల పారేయించు."

"తీయించేస్తామండీ, తీయించేస్తాం" అన్నాడు హెడ్మాస్టరు జగన్మోహనరావు గారు. ఎవరొచ్చి ఏది తీయమన్నా తీసేయడం ఆయన అలవాటు.

"తోట మీదేనండీ" అన్నాడు ఆనంద్ బాబు. "కేక గంగరాజుది. అతను వద్దంటే ఇప్పుడే తీసేస్తాను."

అందరూ గంగరాజు వైపు తిరిగారు. కామందు పక్కనుండగా అతను ఏమంటాడు పాపం, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఓసారి వినిపించండి సారూ" అన్నాడు చివరికి.

మాష్టారు గడి నొక్కాడు. కేక లేచింది. దాని వెనకే ట్రేలు పడేసే చప్పుడు, చిక్కంలో కాయ పడే చప్పుడు, అన్నీ ఒక వరసలో, దరువులా. ప్రహరీ అవతల అప్పుడే చెట్లెక్కినవాళ్ళు మళ్ళీ సగం దిగి ఆగిపోయారు.

"ఉంచండి సారూ. ఇరవయ్యేళ్ళుగా అరుస్తన్నా. నా గొంతు బాగుంటదని ఒక్కళ్ళూ చెప్పలా" అన్నాడు గంగరాజు.

రామచంద్రరావు గారు కొమ్మల్లో వేలాడుతున్న కాళ్ళ వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "సరే, పదింటికే నొక్కించు. ఒక్క నిమిషం ముందు మోగినా నేనే వచ్చి ఎత్తుకెళ్తా."

"పదింటికేనండీ."

ఆ నెలంతా శనివారాలు తోటకు చద్ది కేక బడిలోంచే వెళ్ళింది.

ఇంతకీ ఆ పలక ఏమిటో చెప్పాలి. అప్పాలు వత్తుకునే పీటంత ఉంటుంది. దాని మీద అరవై నాలుగు మెత్తటి గడులు. నొక్కితే వెలుగుతాయి. ఏ గడిలో ఏ చప్పుడు పెడితే ఆ చప్పుడు వస్తుంది. బెజవాడ నుంచి ఎవరో దాతలు నాలుగు పలకలు, ఒక కంప్యూటరు ఇచ్చి వెళ్ళారు. మిగతా మాష్టర్లు దుమ్ము గుడ్డ కప్పి ఊరుకున్నారు. ఈయన శనివారం ఒక గంట అడిగి తీసుకున్నాడు. పాటలు నేర్పలేదు. "మీ ఇంట్లో ఏం మోగుద్దో అది పట్టుకు రండి" అన్నాడు పిల్లలతో. ఒకడు చిలకల్ని తోలే రేకు డబ్బా తెచ్చాడు. భవాని అనే పిల్ల వాళ్ళమ్మ కుట్టుమిషను చప్పుడు తెచ్చింది. నలుగురూ నాలుగు గడులు నొక్కితే అది పాటయ్యేది. నేను నమ్మలేదు. రెండో వారం పప్పు అడుగంటేదాకా వింటూ నిలబడ్డాను.

ఆ పలకలో ఒక గుణం ఉంది. పిల్ల ఆలస్యంగా నొక్కిందనుకోండి, అపశ్రుతి రాదు. గడి మిణుకుమిణుకుమంటూ ఆగి, తర్వాతి దరువుకు అందరితో కలిపి ఎత్తుకుంటుంది. స్వాతి ఏడాదంతా వెనక గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల. పేరు పిలిచినా పలికేది కాదు. ఈ గంటలో మొదటి బల్లకు వచ్చింది. అందుకే ఆయన ఆ గంటను ప్రాణంలా చూసుకున్నాడు.

ఆయనకు మరొకటి లేదు కూడా. బాపులపాడు మనిషి. ఇరవై రెండేళ్ళు పెళ్ళి బ్యాండులో కీబోర్డు వాయించాడు. అందరి పెళ్ళిళ్ళకూ వాయించాడుగానీ బ్యాండువాడికి పిల్లనివ్వడానికి ఎవరూ రాలేదు. డీజేలు వచ్చాక ఆ బ్యాండూ పోయింది. విస్సన్నపేటలో టైర్ల షాపు మీద గది అద్దెకు తీసుకుని, ఇక్కడ సంగీతం మాష్టారుగా పార్ట్‌టైముకు చేరాడు. నలభై ఆరేళ్ళు. తోటి మాష్టర్లు హనుమాన్ జంక్షన్ బస్సు కోసం పరిగెత్తేవాళ్ళు, ఆయన్ని టీకి రమ్మన్నవాడు లేడు. కంచం పట్టుకుని పాటల గదిలోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసుకుని తినేవాడు. పచ్చడి చాలకపోయినా అడగడు. నేనే వెళ్ళి వేసి, అడగనందుకు నాలుగు చీవాట్లు పెట్టేదాన్ని.

పిల్లలంతా వెళ్ళిపోయాక గుండిగలు తోముకుంటుంటే ఆ గదిలోంచి చప్పుళ్ళు వచ్చేవి. డబ్బా ఒకసారి. కుట్టుమిషను ఒకసారి. గంగరాజు కేక, చాలా చిన్నగా. ఒక్కో గడీ ఒక్కసారి నొక్కి, అయిపోయేదాకా విని, తర్వాతది నొక్కేవాడు.

"హాజరు తీసుకుంటున్నారా?" అన్నాను ఒకరోజు.

"గదికెళ్తే ఏముందండీ పిన్నిగారూ. ఆరింటికి టైర్ల షాపు మూసేస్తారు. ఇంక ఫ్యానే."

 తోమిన గుండిగనే మళ్ళీ తోమాను.

బడులు మూసే ముందు వారం జగన్మోహనరావు గారు ఆయన్ని పిలిచి, జూన్ నుంచి పార్ట్‌టైము పోస్టు లేదని చెప్పాడు. పలకలు బీరువాలో పెట్టించమన్నాడు. ఆ బీరువాలో ఇదివరకే ఒక హార్మోనియం ఉంది. ఎలుకలు దాని తిత్తి తినేశాయి. "నా సంగతి సరేనండీ, ఆ గంట తీసేయకండి" అని ఆయన బతిమాలితే, సామానుకు పూచీగా సంతకం పెట్టి, ఆ గంటసేపు గదిలో కూర్చునే మనిషిని చూపించమన్నాడు హెడ్మాస్టరు. మాష్టర్లు పదకొండు మందినీ అడిగాడు. శనివారమా అన్నవాళ్ళు కొందరు, నాకు రాదు అన్నవాళ్ళు కొందరు.

ఆఖరి రోజు తిన్న కంచం కడిగి బోర్లించి, వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. జంక్షన్ దగ్గర కల్యాణ మండపంలో మైకులు చూసుకునే పని దొరికిందట. శనివారాలు సెలవివ్వరట.

"పిన్నిగారూ, ఆ గంట మీరు కూర్చోండి" అన్నాడు.

"నేనా? మూడో తరగతి చదివినదాన్ని. ఆ పెట్టె ఎటునుంచి ఎటో నాకేం తెలుసు?"

"మీకు తెలియక్కర్లేదండీ. పిల్లలకు తెలుసు. వాళ్ళు మోగిస్తుంటే ఆపమనకుండా కూర్చునే పెద్దవాళ్ళు కావాలి. హెడ్మాస్టరు గారికి చెప్పాను, మీ సంతకం చాలన్నారు."

"వంట ఎవరు చేస్తారు, మీ తాతా?"

"గంటే కదండీ. పప్పు పొయ్యి మీద పడేసి రండి."  చెప్పులు వేసుకున్నాడు, మళ్ళీ విప్పాడు. "ఇంకోటి. జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు. ఎవరో ఒకరు వెనక గోడ దగ్గర కూర్చుంటారు. నొక్కమని అనకండి. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి, అంతే. ఏం మాట్లాడకండి. మీకది కష్టమేననుకోండి."