పిలువకున్నా తలుపు కొట్టాలె

మా శామీర్‌పేట చెరువుల చేపలు పట్టే వీరయ్య బిడ్డ భవాని. రెండువేల నాలుగుల పట్నంల పెద్ద యూనివర్సిటీల పీహెచ్‌డీల చేరింది. మా వాడకట్టుల అంత చదువు ఎవ్వరు చదువలే.

ఏడాది తిరగకముందే సీటు పోయేటట్టుందని ఏడ్సుకుంట పక్కింట్ల ఉండే నా దగ్గరికి వచ్చింది. "నా చదువు చూసే గైడు సార్ పిలుస్తడని రోజు ఆయన గది బయట నిలవడ్డ అవ్వా. ఇగ నాకు చదువు మీద మనసు లేదని ఆఫీసుకు రాస్తడట."

పెద్దోళ్లు పిలువంది ముందట పడొద్దని మేమే కద నేర్పింది!

గా ఆదివారం యాప్రాల్ నుంచి పద్మలత మేడం స్కూటీ మీద వచ్చింది. గదే యూనివర్సిటీల పాఠాలు చెప్తదట, భవానిని గది బయట చూసిందట. సుట్టం గాదు, పక్కం గాదు, ఊకనే ఎవరొస్తరు? చాయ్ ఇచ్చుకుంట అడిగిన.

"ఏం గావాలె నీకు? పిల్లతోని ఇంట్ల పని చేయించుకుంటవా?"

ఆమె నవ్వింది. "చేపల కూర పెడితే తింట అవ్వా." భవాని దిక్కు తిరిగింది. "పిలువకున్నా తలుపు కొట్టాలె. రాసిన కాడికి తీస్కపోయి ఎదురుంగ కూసోవాలె. గిది ఏ కాయితంల ఉండది. చదువుకున్నోళ్ల పిల్లలకు ఇంట్లనే చెప్తరు."

"మరి నీకెవరు చెప్పిండ్రు?" అన్న నేను.

"ఎవ్వరు చెప్పలే. మస్తు దినాలు నేను గూడ బయటనే నిలవడ్డ."

తెల్లారి భవాని తలుపు కొట్టి, కూసోని, రాసింది చూపిచ్చింది. "ఇన్నాళ్లు ఎందుకు రాలేదమ్మా?" అన్నడట సార్. సీటు నిలిచింది.

మేడం మీద అనుమానం పోయింది గని, సార్ మీద మొదలైంది. రోజు ఆ పిల్లను సూసుకుంటనే లోపలికి పోయిండు కద, రమ్మనడానికి ఏమైంది ఆయనకు?