తలుపు నుంచి మూడో పటం

మా తాత ఫొటోలకు రంగులద్దేవాడు. ఆయన చేసిన పనికి నేను జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని మొన్న ఫిబ్రవరి దాకా అనుకోలేదు. మార్టూరు అవతల ఒక పల్లె చర్చి వాళ్లు ఇప్పుడు నేను నడుపుతున్న ఆయన స్టూడియోకి ఫోన్ చేసి రమ్మన్నారు.

ఆ చర్చి గోడ మీద ఐదు పటాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ఆ పల్లె నుంచి వెళ్లి, బందీలుగా చిక్కిన ఐదుగురివి. ఖైదు శిబిరంలో తీసిన ఫొటోలు ఎలాగో ఇళ్లకు చేరితే, మా తాత వాటిని పెద్దవి చేసి చేత్తో రంగులు వేశాడు. మనుషులు మాత్రం ఒక్కరూ తిరిగి రాలేదు. ఇలాంటివి ఐదూ ఒకేచోట దొరకడం చాలా అరుదట. మ్యూజియం ఆఫీసరు వాటిని పట్టుకుపోవడానికి వ్యానుతో సహా దిగాడు.

పేర్లు రాసుకునేటప్పుడు మొదటి రెండూ తేలాయి గానీ, మూడో పటం దగ్గర గొడవ మొదలైంది. అది తమ తాతదని ఒక కుటుంబం అంది. అది తన తండ్రిదని ఎనభై దాటిన ఒక మామ్మ నమ్మకం. ఆమె పుట్టకముందే తండ్రి యుద్ధానికి వెళ్లాడు, పురిట్లోనే తల్లి పోయింది. పెంచిన నాయనమ్మకు చూపు లేదు. "తలుపు నుంచి మూడోది మీ నాయన" అని చెప్పింది ఆవిడే. అప్పట్నుంచి మిరపకోతలకు వెళ్లే ముందు రోజూ వచ్చి ఈమె ఆ పటంతో మాట్లాడేది.

తేల్చుకోవడానికి ఒక్కటే దారి. శిబిరం నుంచి తండ్రి రాసిన కార్డు ఆమె బైబిల్లో ఉంది. దాని మీద అతని ఖైదీ నంబరుంది. ఫొటోల్లో ఆ నంబర్లు చొక్కాల మీద కుట్టి ఉండేవి. ఖైదీలుగా కనబడకూడదని ఇళ్లవాళ్లు బతిమాలితే, మా తాత వాటి మీద మందంగా తెల్లరంగు పూసి జేబురుమాళ్లు చేశాడు.

"తుడువు అబ్బాయా," అంది మామ్మ.

"తడి ఎక్కువైతే బొమ్మే ఊడి వచ్చేస్తది మామ్మా."

"వస్తే రానీ. మా నాయన ఎవరో తెలవకుండా బండెక్కించనా?"

"సార్, అది ఒరిజినల్ పెయింట్ అండి. టచ్ చేయకూడదు," అన్నాడు ఆఫీసరు.

నాకు ఒళ్లు మండింది. "మా తాత పూశాడు, నేను తీస్తాను. మీరు కూర్చోండి," అన్నాను. ధైర్యం నోటికే గానీ చేతులకు లేదు. దూది తడిపి, చుక్క కారకుండా రెండుసార్లు పిండాను. బయట కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నారు. ఆ ఘాటుకు తుమ్ము వస్తే ఏమవుతుందోనని ఊపిరి బిగబట్టాను.

తెల్లరంగు కరిగింది. మొదటి అంకె కలిసింది. రెండోదీ కలిసింది. మూడోది కలవలేదు. నేనేమీ అనకముందే ఆమెకు నా మొహం చూసి తెలిసిపోయింది.

"కాదా?"

"కాదు మామ్మా."

నాలుగో పటమూ కాదు. ఐదోది గోడ మూలన ఉంది. చెమ్మకు సగం ముఖం పాడైపోయింది. ఒక కన్నూ, మీసమూ మాత్రం మిగిలాయి. దాని మీద అంకెలన్నీ కార్డుతో కలిశాయి. రెండుసార్లు సరిచూశాను.

"క్రిస్మస్‌కి సున్నం వేసినప్పుడల్లా దించి, మళ్లీ తగిలిస్తారుగా," అంది ఆమె మెల్లగా. "వరస ఎవరు చూసుకున్నారు?"

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. వ్యాను హారన్ కొట్టింది. ఆఫీసరు గడియారం చూసుకుని, ఆగమని డ్రైవరుకు చేత్తో సైగ చేశాడు.

"నా పెళ్లీ, నా కొడుకు పోయిందీ అన్నీ ఆయనతో చెప్పుకున్నా," అంది మూడో పటం వైపు చూసి. తర్వాత ఐదోదాని వైపు తిరిగింది. "ఈయనకేం తెలవదు."

ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకెళ్లి ఐదో పటం ముందు వేసుకుని కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"నాయనా, నేను నీ కూతుర్ని. నువ్వెళ్లిన నాలుగో నెల్లో పుట్టాను. అమ్మ సంగతి కూడా చెప్తా, కంగారు పడబాక."