అక్క నడుం, నా ఎడమకాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్ల కాలు తగిలితే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. బాపట్లలో నా చిన్నప్పుడు, నాట్లు వేసి నడుం పట్టేసిన ఆడవాళ్లు మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. ఎడమకాలితో మూడుసార్లు మెల్లగా తన్నేదాన్ని. తన్నులు తిని, వాళ్లే నాకు జామకాయలు ఇచ్చి వెళ్లేవారు. ఆ గొప్ప నాకు చాలా ఏళ్లు పోలేదు.

రేపల్లెకు కాపురానికి వెళ్లిన రెండేళ్లకు అక్కకు నడుంనొప్పి మొదలైంది. నేను తెనాలిలో ఉంటాను. "ఒకసారి వచ్చి తన్నిపోవే" అని ఫోన్ చేసేది. రైలెక్కి వెళ్లేదాన్ని. తన్నడం, నాకన్నా పెద్దదాన్ని కాలితో తాకినందుకు వెంటనే ఆమె కాళ్లకు దణ్ణం పెట్టడం. సాయంత్రానికి అక్క లేచి వంట చేసేది. మర్నాడు నేను ఇల్లు చేరేసరికి మళ్లీ పట్టేసిందని ఫోన్.

"నా కాలి మహిమ ఒక్కపూటేనా అక్కా?" అని ఆటపట్టించేదాన్ని. అక్క నవ్వేది కాదు.

పోయిన ఏడాది తెనాలి తీసుకొచ్చి డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ ఎక్స్‌రే ఫిల్ములు చూసి, ఎముకల్లో ఏ లోపమూ లేదంది.

"నొప్పి ఎప్పుడు ఎక్కువగా ఉంటుందమ్మా?"

"సాయంత్రం ఆరింటికండి."

"ఆ టైంలో ఏం పని చేస్తారు?"

"పనేం లేదండి. మా ఆయన బైకు చప్పుడు వినపడుద్దండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. అప్పుడు బయటపడ్డాయి అన్నీ. బావ చెయ్యి చేసుకోడు. కూర నచ్చకపోతే కంచం విసిరేస్తాడు. ఏ రోజు విసురుతాడో తెలియదు. ఇంట్లో చుట్టాలుంటే మాత్రం విసరడు. రోజూ ఆ బైకు మలుపు తిరిగేసరికి అక్క నడుం కర్రలా బిగుసుకుపోతుంది.

"భయానికి కండరాలు బిగుసుకుంటున్నాయి. మాత్రలు రాస్తాను. కానీ ఆ భయం పోకపోతే నొప్పి పోదు" అంది డాక్టరమ్మ.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ నొప్పి తగ్గించింది నా కాలు కాదు. ఆ పూట నేను ఆ ఇంట్లో ఉండటం.

అక్క మా ఇంట్లో ఐదు రోజులు ఉంది. మాత్ర వేసుకోకుండానే బట్టలు ఉతికింది, పచ్చడి రుబ్బింది. ఆరో రోజు పొద్దున బావ నాకు ఫోన్ చేశాడు. "ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుంటావు?" అన్నాడు. అక్క పక్కనే ఉంది.

"ఇంకో నాలుగు రోజులు ఉండనా?" అని నన్ను అడిగింది.

ఉండమనాలని గొంతు దాకా వచ్చింది. బావ వచ్చి వీధిలో గొడవ చేస్తే మా అత్తగారి ముందు ఏం చెప్పుకోను అని భయపడ్డాను.

"వెళ్లు అక్కా. ఆదివారం నేనే వచ్చి తంతాగా" అన్నాను. అంతా తెలిసి కూడా ఆ మాటే అన్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రేపల్లె రైలు ఎక్కించాను. అది కదలకముందే అక్క చెయ్యి నడుం మీదికి వెళ్లింది.

ఆదివారం వెళ్లాను. నేను చెప్పులు విప్పుతుంటే అక్క గోడ పట్టుకుని లేచింది.

"వద్దులేవే. తగ్గిపోయింది" అని, అలాగే గోడ పట్టుకుని నాకు కాఫీ పెట్టడానికి వెళ్లింది. ఆ తర్వాత నన్ను రమ్మని ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.