సలోమి పేరు మీద మాత్రలు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి క్షణం పట్టలేదు. దించుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పే ధైర్యమే ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

మస్కట్‌లో ఆ పెద్ద తుఫాను వచ్చిన మరుసటి సంవత్సరం జరిగిందిది. నేనొక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఊళ్ళోనే దార్సైట్ అనే పేటలో ఫ్లాటు. నాతోపాటు సలోమి ఉండేది. మా గోదావరి వైపు పిల్లే, అదే ఆసుపత్రిలో నర్సు, నాకంటే సీనియరు. తుఫాను రోజు వీధిలో కార్లు తేలుతుంటే సలోమి పకోడీలు వేసింది. నేనూ ఆ రోజు ప్రశాంతంగానే ఉన్నాను. ఊరంతా మొదటిసారి నాలాగే భయపడుతోంది మరి!

మిగతా రోజుల సంగతి వేరు. గ్యాసు కట్టేశానా? కట్టేశాను. కట్టేశాననుకున్నానేమో? డ్యూటీకి వెళ్ళే బస్సులోంచి ఫోను చేసి, నిద్రపోతున్న సలోమిని లేపి వంటింట్లోకి తరిమేదాన్ని. ఊళ్ళో అమ్మ ఫోను ఎత్తకపోతే పోయిందనుకునేదాన్ని. ఎత్తితే, ఇంత తొందరగా ఎత్తిందంటే ఏదో జరిగిందనుకునేదాన్ని. మెడ, భుజాలు బిగుసుకుపోయేవి. నిద్ర లేదు. గుండె జబ్బేమోనని ఈసీజీ తీయించుకున్నాను, థైరాయిడ్ అని రక్తం ఇచ్చాను. అన్నీ బాగున్నాయన్నారు. అయితే మిషన్లు పాడైనట్టున్నాయని ఇంకో బెంగ పట్టుకుంది.

చివరికి ఎవరికీ చెప్పకుండా వేరే క్లినిక్‌లో ఒక మలయాళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా విని, దీన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారని చెప్పింది. ఏదో ఒక్క విషయం మీద కాకుండా ప్రతిదాని మీదా, నెలల తరబడి, ఆపుకుందామన్నా ఆగని ఆందోళన. అది జబ్బే గానీ నా బుద్ధి కాదంది. పేరు దొరికినందుకే ఏడ్చేశాను. రోజుకో మాత్ర రాసింది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈలోగా మానేయొద్దని గట్టిగా చెప్పింది. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించేది. దిగుళ్ళన్నిటికీ సాయంత్రం అరగంట ఇవ్వాలట, మధ్యలో ఏదైనా వస్తే సాయంత్రం రమ్మనాలట. గ్యాసు ఒక్కసారే చూసుకోవాలి, రెండోసారి ఎవరినీ అడగకూడదు. బస్సులోంచి ఫోన్లు ఆగిపోయేసరికి సలోమి కంగారుపడి, జ్వరమేమోనని నా నుదురు పట్టుకు చూసింది.

శుక్రవారాలు మా ఫ్లాటులో తెలుగువాళ్ళ ప్రార్థన జరిగేది. పెద్ద దిక్కు ఎస్తేరు ఆంటీ. ఒకప్పుడు నర్సు, అప్పటికి మా ఆసుపత్రి ఆఫీసులో ఎవరిని ఎక్కడ వేయాలో చూసేది. ఒక శుక్రవారం గ్లాసు కోసం వంటింట్లోకి వచ్చింది. పంచదార డబ్బా పక్కన నా మాత్రల షీటు. మందు పేరు చదవగానే అవి దేనికో ఆవిడకి అర్థమైపోయింది.

"ఇయ్యెవరియే అమ్మాయ్?"

"సలోమివి ఆంటీ."

"అయ్యో నా తల్లీ! ఎప్పుడూ నవ్వుతా ఉంటది కదే!"

"పైకి చెప్పుకోదాంటీ. మీరు కూడా అడక్కండి."

ఎందుకలా అన్నాను? తెలిస్తే ఆసుపత్రి కంపెనీ ఇంటికి పంపేస్తుందని భయం. నిజమే. కానీ ఎవరివో తెలీదని అనొచ్చుగా? పోనీ మొదటి మాట భయంలో జారిందనుకుందాం. అడగొద్దన్న రెండో మాటో? అందులో తెలివి ఉంది. దాన్ని జబ్బు మీదకి నెట్టలేను.

తర్వాతి శుక్రవారం ఆంటీ పేరు చెప్పకుండా "మన మధ్యలో బాధపడుతున్న ఒక సోదరి" కోసం ప్రార్థించింది. అప్పటికే ఆ మాట ఎవరెవరి చెవిన పడిందో, కళ్ళు మూసుకునే అందరూ సలోమి వైపు తిరిగారు. ఆ సోదరి ఎవరో పాపం అని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సలోమే. ఆ మర్నాటి నుంచి ఆమె కోసం చేపల పులుసులు రావడం మొదలైంది. కనబడినవాళ్ళంతా నిద్ర పడుతోందా అని అడిగేవారు. అంతమంది అడిగేసరికి, పాపం, పట్టడం మానేసింది. పులుసు నేనూ తిన్నాను. బాగుంది.

అంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాత దక్షిణాన దూరంగా ఉన్న సలాలా ఊళ్ళో మా కంపెనీ కొత్త క్లినిక్ తెరిచింది. ఇన్‌ఛార్జి పోస్టు సీనియారిటీ ప్రకారం సలోమిది. ఆమెకి మస్కట్ ఎండలంటే మంట. సలాలాలో కొబ్బరి తోటలున్నాయని, వానలు పడతాయని, అచ్చం కోనసీమేనని నెలల తరబడి కలలు కంది. ఆ పిల్ల తట్టుకోలేదని ఆంటీ ఆఫీసులో చెప్పి, బదులుగా ధైర్యం గల పిల్లని పంపించింది. అంటే నన్ను. అప్పటికి మాత్రలు పనిచేస్తున్నాయి. కొత్త ఊరు తలుచుకుంటే మొదటిసారి బెంగ పుట్టలేదు. వద్దనలేదు. దాచడమెందుకు, సంతోషించాను.

బయల్దేరే రోజు సలోమి నా యూనిఫారాలు ఇస్త్రీ చేసి పెట్టె సర్దింది. నా దిండు గలీబులో దాచిన మాత్రల షీటు తీసుకొచ్చి బట్టల మీద పెట్టింది.

"ఇయ్యి నావంట కదా. నేనేం చేసుకుంటానే, నువ్వే పట్టుకెళ్ళు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నా కోసం వండిన పులిహోర డబ్బాలో పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను పెట్టె జిప్పు లాగాను.

సలాలాలో జబ్బు నయమైంది. డాక్టరు చెప్పినట్టే మాత్రలు మెల్లగా తగ్గించి మానేశాను. సాయంత్రం అరగంటలో ఒక్కో దిగులునూ పిలిచి, నీకు రుజువేదని అడిగితే చాలావరకు లేచి వెళ్ళిపోతాయి. ఇదొక్కటే వెళ్ళదు. దీనికి రుజువుంది. ఇది జబ్బు కాదు, నేను చేసిన పని.

సలోమి నంబరు నా దగ్గరుంది. చేస్తే ఎత్తదేమోనని భయం. ఎత్తితే ఇంకా భయం. అందుకని వంటింట్లో ఆంటీ అడిగిన ప్రశ్నకి జవాబు మీకే చెబుతున్నాను.

ఆ మాత్రలు నావి.